అవ్వ మంచం కింద ఉప్పు, నా మెకరోనీ

మా అత్తగారి ఊరు నెల్లికుదురులో ఇప్పటికీ ఎవరింట్లోనైనా పోపు మాడి ఘాటు లేస్తే చాలు, "సునీత గాని వచ్చిందా ఏంది?" అని అడుగుతారట. అడగనివ్వండి. ఇంటి మనుషులను, ఇంటికొచ్చిన పెద్దమనిషిని, పక్కింటివాళ్ళను, చివరికి వాకిట్లో కట్టేసిన బర్రెను కూడా ఒక్క వంటతో ఏడిపించిన కోడలు వాళ్ళకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? పోనీ అదేమన్నా నాటుకోడి పులుసా, మటన్ కూరా? కాదు. మెకరోనీ. పాలు, మైదా, వెన్న వేసి పసిపిల్లలకు పెట్టే మెత్తటి మెకరోనీ. దాంతో ఊరిని ఎలా దగ్గించానో చెబుతాను. మీరు నవ్వుతారు, నాకు తెలుసు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు, ఊపిరి కూడా సరిగ్గా రాలేదు.

నేను పుట్టి పెరిగింది భూపాలపల్లిలో. మా బాపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. నేను పొయ్యి దగ్గరికి పోతే చాలు, మా అమ్మ "నీకెందుకే గిదంత, సదువుకో పో" అని గరిటె చూపించి తరిమేది. అలా తరిమించుకుంటూ తరిమించుకుంటూ బీఎస్సీ చేశాను, బీఈడీ చేశాను. పెళ్ళినాటికి నాకు వచ్చిన వంటలు చాయ్, ఉడకబెట్టిన గుడ్డు. అందులో గుడ్డు అప్పుడప్పుడు నీళ్ళలోనే పగిలిపోయేది.

మా ఆయన నరేష్ మానుకోటలో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. రోజూ నెల్లికుదురు నుంచి బండి మీద పోయి వస్తాడు. మిర్చి చేను మా అత్తమ్మ సరోజన చూసుకుంటుంది. మామయ్య లేడు. ఇంట్లో ఇంకో మనిషి అవ్వ, అంటే మా అత్తమ్మకు అత్త. అందరికీ ఆమె అవ్వే. పెళ్ళైన ఏడాదిలోనే మానుకోటలో ఒక బడిలో నాకు సైన్స్ టీచర్ ఉద్యోగం దొరికింది. పొద్దున్నే స్టడీ అవర్, సాయంత్రం మళ్ళీ స్టడీ అవర్, కాబట్టి ఊళ్ళోనే ఉండాలన్నారు. అంటే మేమిద్దరం మానుకోటలో గది తీసుకుని వేరు కాపురం పెట్టాలి. నాకు ఆ ఉద్యోగం మీద ఎంత ఆశంటే, బీరువా తలుపు మీద సుద్దముక్కతో మొక్కల భాగాలు గీసి, ఎవరూ లేనప్పుడు దిండ్లకు పాఠం చెప్పేదాన్ని.

అత్తమ్మ పొమ్మనలేదు, వద్దనలేదు. "నువ్వు సదువుకున్నదానివి, నిన్ను ఆపుడు నాతోని కాదు. గని ఆడికి పోయినంక నా కొడుకు ఎండుకపోతె నలుగురు నన్నే అంటరు బిడ్డా. నీకు పోపు వెయ్యరాదు. సంసారం ఎట్ల నడుపుతవ్?" అంది. చివరికి మాట మా పెద్దమామ మీద పెట్టింది.

పెద్దమామ సమ్మయ్య అవ్వకు పెద్దకొడుకు, ఉండేది జఫర్‌గఢ్‌లో. మామయ్య పోయిన తర్వాత ఈ ఇంట్లో బర్రెను అమ్మాలన్నా, బోరు వేయాలన్నా ఆయనను అడగకుండా జరగదు. ఫోన్‌లో సంగతంతా విని, గొంతు సవరించుకుని తీర్పు వాయిదా వేశాడు.

"ఆదివారం వస్త. పిల్లనే వండుమను. ఎవలు చెయ్యి పెట్టద్దు సరోజనా, నీకు గూడ చెప్తున్న. తిన్నంక చెప్త, పోవాల్నో ఉండాల్నో."

ఫోన్ పెట్టేశాక అత్తమ్మ ఇంకో సంగతి చెప్పింది. పెద్దమామ ఈమధ్యనే పళ్ళన్నీ పీకించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడట, అవి ఇంకా సరిగ్గా కుదురుకోలేదట. "మెత్తగ వండాలె, సూస్కో మరి" అని నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడే నా తెలివి పనిచేయడం మొదలుపెట్టింది. అది పనిచేయకుండా ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు. రాత్రి అన్నాలప్పుడు నరేష్‌తో చెప్పాను, "మెకరోనీ చేస్త."

"పెద్దబాపుకా?" అన్నాడు ముద్ద చేతిలోనే పెట్టుకుని. "పిల్లల తిండి పెడ్తవా ఆయనకు? గట్ల చెయ్యకు. మెత్తగ పప్పు వండు, పని అయిపోతది."

"పప్పు వండితె మీ అమ్మ పప్పుతోని పోలుస్తడు. పులుసు పెడితె అవ్వ పులుసుతోని పోలుస్తడు. మెకరోనీని దేంతోని పోలుస్తడు చెప్పు? ఈ ఇంట్ల ఎవలకన్న దాని రుచి ఎర్కనా?"

నరేష్ ఆలోచించాడు. "అది నిజమే" అన్నాడు. మా ఇద్దరికీ జత బాగా కుదిరిందని మా చుట్టాలు ఊరికే అనరు.

ఆ వంట నేను ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. ఆ వీడియోలో ఆమె ఎంత నవ్వుతూ చెప్పిందో! ఇంట్లో ఉన్న వస్తువులే చాలంది. మెకరోనీ ఉడకబెట్టాలి, వెన్నలో మైదా వేయించి పాలు పోసి చిక్కబరచాలి, చీజ్ కలపాలి, పైన బ్రెడ్డు పొడి చల్లి ఓవెన్లో కాల్చాలి. ఓవెన్ లేదా, దిగులుపడకండి అంది. పెద్ద గిన్నె అడుగున మందంగా ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, స్టాండు మీద వంట గిన్నె పెట్టి, మూత బిగించి సన్నమంట పెడితే అదే ఓవెన్ అంది. నేను ఆ వీడియోను సినిమా పాట చూసినట్టు మళ్ళీ మళ్ళీ చూశాను. మెకరోనీ, చీజ్ మాత్రం నరేష్ మానుకోట నుంచి తెచ్చాడు.

ఆదివారం వచ్చింది. అత్తమ్మ మాట తప్పే మనిషి కాదు. ముందు గదిలో వెల్లుల్లి ముందేసుకుని కూర్చుని, వంటింటి గడప దాటలేదు. కానీ ఆ గదిలోంచి వంటింట్లోకి వంగి చూడడానికి గడప దాటే పని లేదు కదా.

"గవేంది, గొట్టాలా? నూనెల ఏంచుతరా?"

"లేదత్తమ్మా, ఉడకబెడ్తరు."

"ఉడకబెట్టి?"

"పాలల్ల కలుపుతరు."

"పాలల్ల కలిపి?"

"కాలుస్తరు."

అత్తమ్మ చేతిలోని వెల్లుల్లి రెబ్బను కాసేపు చూసి, "ఉడకవెట్టినంక మళ్ల కాల్చుడేంది?" అని తనలో తానే అనుకుంది. నేను విననట్టు పాలు కలిపాను.

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా వంట బ్రహ్మాండంగా కుదిరింది. మెకరోనీ చితికిపోలేదు, మైదా ఉండకట్టలేదు. బ్రెడ్డు లేదు గానీ డబ్బా అడుగున సకినాల ముక్కలు మిగిలాయి, వాటిని నలిపి పైన చల్లాను. గిన్నెను చూసి నాకే ముద్దొచ్చింది. మానుకోట గదికి ఏ రంగు కర్టెన్లు కొనాలో కూడా అనుకున్నాను.

అప్పుడు ఉప్పు గుర్తొచ్చింది.

వంటింట్లో ఉన్నది చిన్న డబ్బాడు మెత్తటి ఉప్పు. నాకు కావాల్సింది గిన్నె అడుగు మునిగేంత. అత్తమ్మను అడిగితే, ఒక పూట వంటకు అంత ఉప్పెందుకని అడుగుతుంది. జవాబు చెబితే, పోపు వేయడం రాని పిల్లకు ఉప్పు వేయడం కూడా రాదని పెద్దమామ రాకముందే తేలిపోతుంది. అందుకని పెద్దమామను తీసుకురావడానికి బస్టాండుకు బయల్దేరుతున్న నరేష్‌ను వాకిట్లో పట్టుకున్నాను.

"దొడ్డుప్పు ఏడున్నది?" అన్నాను గుసగుసగా.

"అవ్వ అర్రల, మంచం కింద డబ్బున్నది సూడు. నూనె డబ్బ. అండ్ల మస్తున్నది" అని బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

అవ్వ పక్కింటి అరుగు మీద ముచ్చట్లలో ఉంది. నేను ఆమె గదిలోకి దూరి, మంచం కిందకు వంగి, డబ్బా లాగాను. అంచుల దాకా రాళ్ళలాంటి దొడ్డుప్పు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. లోపల అక్కడక్కడ ఎండు మిరపకాయలు కనిపించాయి, కాసిని ఆవాలు కూడా. ఇక్కడ మీరు ఆగి నన్నొక మాట అడగాలి, "అమ్మా సైన్స్ టీచరూ, ఉప్పులో మిరపకాయలెందుకున్నాయి?" అని. నన్ను నేను అడుక్కున్నాను కూడా. జవాబు కూడా చెప్పుకున్నాను. కందిపప్పులో పురుగు పట్టకుండా ఎండు మిరపకాయలు వేస్తారు కదా, పెద్దవాళ్ళు ఉప్పులోనూ వేసి ఉంటారు అని. ఉప్పుకు పురుగేమిటని ఆలోచించే ఓపిక లేదు. పైపైన కనిపించిన మిరపకాయలు నాలుగు ఏరి పారేసి, మిగతాదంతా పెద్ద బగోనలో కుమ్మరించాను. అడుగున ఇంకెన్ని ఉన్నాయో నేను చూడలేదు.

స్టాండు పెట్టాను, దాని మీద మెకరోనీ గిన్నె పెట్టాను, మూత పెట్టాను. వీడియోలో చెప్పని జాగ్రత్త ఒకటి సొంతంగా చేశాను. బిర్యానీకి చేసినట్టు గోధుమపిండి కలిపి మూత చుట్టూ అంటించి, ఆవిరి పోకుండా బిగించాను. ఆ పైన రోలు పొత్రం ఎత్తి పెట్టాను. ఇంక ఆ గిన్నెలోంచి ఏదీ బయటికి రాదు. నేను తీసేదాకా రాదు.

డబ్బాను మళ్ళీ మంచం కింద పెట్టి వచ్చేసరికి వాకిట్లో బండి ఆగింది. పెద్దమామ దిగాడు. పొడుగాటి మనిషి, తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల. అత్తమ్మ కొంగు సవరించుకుని ఎదురు వెళ్ళింది.

"రా బావా, కూసో. పండ్లెట్లున్నయి?"

"నోట్లె ఎవడో కిరాయికి దిగినట్టున్నది" అన్నాడు పెద్దమామ. కట్టుడు పళ్ళను నాలుకతో సర్దుకుని నా వైపు చూశాడు. "ఏం వండుతున్నవ్ బిడ్డా?"

"మెకరోనీ, పెద్దమామా."

"అదేం కూర?"

"కూర గాదు."

"అయితె బువ్వనా?"

"బువ్వ గూడ గాదు."

పెద్దమామ అత్తమ్మ వైపు చూశాడు. అత్తమ్మ "నన్నడుగకు బావా, నువ్వే చెయ్యి పెట్టద్దన్నవ్" అని వెల్లుల్లి మీద కోపమంతా తీర్చుకుంది. ఆయన మంచం మీద కూర్చుని, "సరే, కానియ్యి. పొద్దుగాల చాయ్ తాగి బస్సెక్కిన. జల్ది తే" అన్నాడు. ఆకలి మీద ఉన్న మనిషి తీర్పు గట్టిగా ఉంటుంది.

ఇంతలో బగోనలోంచి చప్పుడు మొదలైంది. చిట్. కాసేపాగి చిట్ పట్. ఆ తర్వాత ఆగకుండా చిటపట చిటపట.

"ఏందే గా చప్పుడు?" అంది అత్తమ్మ.

"ఉడుకుతున్నదత్తమ్మా."

"ఉడికితె బుడబుడ అంటది గని చిటచిట అంటదా?"

"మెకరోనీ గట్లనే అంటది" అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు! ఓవెన్లు మాట్లాడతాయేమో అనుకున్నాను. మంట ఇంకొంచెం తగ్గించి, తలుపు పక్కన నిలబడి దేవుళ్ళందరికీ మొక్కాను. సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అదే బెల్లం, మొక్కాను, కొమురెల్లి మల్లన్నకు పట్నం ముగ్గు మొక్కాను. నన్ను మానుకోటకు పంపిస్తే చాలు, ఏది అడిగితే అది ఇస్తానన్నాను.

అప్పుడే అవ్వ పక్కింటి అరుగు దిగి వచ్చింది. పెద్దకొడుకును చూసి మొహం విప్పార్చుకుని, దగ్గరికి రాబోయి, ఆగిపోయింది. ముక్కు పైకెత్తింది.

"మిరపకాయ కాలుతున్నది."

"నాకేం వస్తలేదు" అన్నాడు పెద్దమామ.

"నీకెట్ల వస్తది, నీ ముక్కు నిండ పొడుం. మిరపకాయనే. ఉప్పు మిరపకాయ." అవ్వ మమ్మల్నందరినీ ఒక్కొక్కరినీ చూసింది. "ఎవలకు తీసిండ్రు దిష్టి?"

"ఎవలకు తియ్యలే అవ్వా" అన్నాను వంటింట్లోంచి. సరిగ్గా అప్పుడే నా ముక్కులోకీ ఏదో సన్నగా గుచ్చుకుంది. మూత చుట్టూ అంటించిన పిండి ఒకచోట ఎండి చీలింది. ఆ చీలికలోంచి దారమంత పొగ వస్తోంది.

అత్తమ్మ తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. వెల్లుల్లి చాట పక్కన పెట్టి లేచి, "ఇగ నాతోని కాదు బావా, పిల్ల కొంప అంటువెట్టేటట్టున్నది. జర సూసొస్త" అంది.

ఆమె వస్తే బగోన చూస్తుంది. బగోన చూస్తే ఉప్పు చూస్తుంది. ఉప్పు చూస్తే నా మానుకోట అయిపోతుంది. ఆమె ఇంకో అడుగు వేసేలోపు ఏదో ఒకటి చేయాలి. "అయిపోయిందత్తమ్మా! మీరు రావద్దు, తెస్తున్న!" అని అరిచి, పొత్రం దింపి, పిండి పెకలించి, మూత ఎత్తాను.

అమ్మో!

చూడండి, మా ఇల్లు మిర్చి ఇల్లు. ఏడాదిలో సగం రోజులు వాకిలంతా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి, వాటి మధ్యే పండుకుని లేచే మనుషులు వీళ్ళు. కారం కలిపిన ముద్ద తింటూ నవ్వుతూ మాట్లాడే మనుషులు. అలాంటివాళ్ళు కూడా ఆ మూత లేచిన మరుక్షణం ఒకరినొకరు తోసుకుంటూ వీధిలోకి పరుగెత్తారు. నేను అందరికంటే ముందు పరుగెత్తాను, వండిన మనిషిని కదా. అత్తమ్మ కొంగు నోటికి కుక్కుకుని వచ్చింది. పెద్దమామ చెప్పులు కూడా వేసుకోకుండా అవ్వను చంకన ఎత్తుకున్నంత పని చేసి తెచ్చాడు. వీధిలోకి వచ్చాక ఆయన వంగి దగ్గాడు చూడండి, ఆ దగ్గుకు కట్టుడు పళ్ళు ఊడి గుప్పిట్లోకి వచ్చాయి. వాకిట్లో బర్రె తాడు తెంపుకోబోయింది. పక్కింటి గోడ అవతల ఎవరో "అగ్గి తలిగిందా? బోరు ఎయ్యాల్నా?" అని కేకలు పెడుతూ వాళ్ళూ దగ్గడం మొదలుపెట్టారు.

నరేష్ తువ్వాల తడిపి మొహానికి కట్టుకుని లోపలికి దూకాడు. గ్యాస్ ఆపి, కిటికీలు తీసి, కళ్ళలోంచి నీళ్ళు కారుస్తూ బయటికి వచ్చాడు. మసిగుడ్డతో ఏదో పట్టుకుని వచ్చాడు, ఏ సిలిండరో బయటికి తెచ్చాడేమో అనుకున్నాను. కాదు, మెకరోనీ గిన్నె. కొంప కాలినా పెళ్ళాం వంట కాపాడతాడన్నమాట. ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందో, ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

అవ్వ దగ్గు ఆపుకుని, నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఏం కాల్చినవ్?"

"ఉప్పు, అవ్వా."

"ఏ ఉప్పు?"

దాచడానికి ఇంక ఏం మిగిలింది? "నీ మంచం కింద డబ్బల ఉప్పు. నీ మనుమడే జాడ చెప్పిండు" అన్నాను.

అవ్వ నోరు తెరుచుకుంది. తర్వాత రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని వీధి మధ్యలో కూర్చుండిపోయింది. "ఓయమ్మో, కొంప ముంచినవ్ గదనే పిల్లా! అది దిష్టుప్పే! దిష్టి తీసిన ఉప్పే!"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మామూలుగా ఎవరికైనా దిష్టి తీస్తే, ఆ ఉప్పూ మిరపకాయలూ తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తారు. కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్ళూ అవ్వ అలాగే వేసేది. అత్తమ్మ కట్టెల పొయ్యి తీయించి గ్యాస్ పెట్టించాక, అవ్వ ఒకసారి దిష్టుప్పు బర్నరు మీద వేసిందట. అది కాస్తా మూసుకుపోయి, అత్తమ్మ పెద్ద లొల్లి చేసిందట. ఆ రోజు నుంచి అవ్వ ఎవరికీ చెప్పకుండా, తీసిన దిష్టినంతా డబ్బాలో దాస్తోంది, హోలీకి కాముడు కాలినప్పుడు ఆ మంటలో ఒక్కసారే వేద్దామని.

"ఎవలెవలది ఉన్నదవ్వా అండ్ల?" అన్నాడు నరేష్ భయం భయంగా.

"ఎవలది లేదు, గదడుగు!" అవ్వ ఏడుపు గొంతుతో లెక్కపెట్టింది. "నీది ఉన్నది. మీ అమ్మది ఉన్నది. బర్రె ఈనినప్పుడు బర్రెకు తీసింది ఉన్నది. నీ బండికి తీసింది ఉన్నది. మిర్చి చేను ఏపుగ ఎదిగిందని చేనుకు తీసింది ఉన్నది. పక్కింటి పిల్లగానికి తీసింది ఉన్నది. ఇగో, వీడు పండ్లు పెట్టిచ్చుకున్ననాడు వీని ఫోటువకు తీసింది గూడ అండ్లనే ఉన్నది!"

గుప్పిట్లో పళ్ళు పట్టుకున్న పెద్దమామ అవ్వ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అనడానికి నోట్లో పళ్ళు లేవు కదా. వీధిలో అందరి కళ్ళూ కారుతున్నాయి, కానీ వాళ్ళవి మిరప ఘాటుకు. నావి నిజం ఏడుపు. బీరువా మీద గీసిన మొక్క, దిండ్లకు చెప్పిన పాఠాలు, కర్టెన్ల రంగు, అన్నీ నా కళ్ళ ముందే పొగలో కలిసిపోయాయి. ఇంత కష్టపడి చదివింది ఉప్పు డబ్బా దగ్గర ఆగిపోవడానికా అని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఘాటు తగ్గేసరికి చాలాసేపు పట్టింది. వాకిట్లో మంచం వేశారు. పెద్దమామ బకెట్లో పళ్ళు కడుక్కుని, నోట్లో పెట్టుకుని, మొదటి మాట అన్నాడు.

"ఆకలైతున్నది."

ఇంట్లో తినడానికి ఇంకేమీ లేదు. అన్నం కూడా పెట్టలేదు, ఎవరూ చెయ్యి పెట్టొద్దన్నది ఆయనే. ఉన్నది నరేష్ కాపాడిన గిన్నె. పైన సకినాల పొడి ఎర్రగా కాలి, అంచుల దగ్గర చీజ్ కరిగి, చూడడానికి అచ్చం వీడియోలో ఉన్నట్టే ఉంది.

"అది ముట్టద్దు!" అంది అవ్వ. "ఇంటిల్లిపాది దిష్టి పొగ పట్టింది దానికి."

"పారేద్దమా మరి?" అంది అత్తమ్మ.

"పారేస్తె తొక్కినోల్లకు తలుగదా?"

"బర్రెకు పెడ్దం."

"పాలు ఇరుగుతయి!"

"అయితె ఏం చేద్దమే అవ్వా, దీన్ని? ఇంట్ల ఉంచొద్దు, బయట ఎయ్యొద్దు!" అని అత్తమ్మ విసుక్కుంది. పెద్దమామ ఆ వాదన తేలేదాకా ఆగలేదు. గిన్నె తన వైపు లాక్కుని ఒక బుక్క నోట్లో పెట్టుకున్నాడు. అవ్వ కెవ్వుమంది. "కడుపులకు పోతది కొడుకా! దిష్టి!"

"పోనీ తియ్యవ్వా" అన్నాడు నములుతూ. "పండ్లూడిన మొకానికి ఇగ కొత్తగ ఎవడు దిష్టి పెడ్తడు?"

ఆయన నమిలాడు. ఆపాడు. ఆలోచించాడు. మళ్ళీ నమిలాడు. నేను ఆయన దవడలనే చూస్తున్నాను. ఆయన ఇంకో బుక్క తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంకోటి. పాలు, చీజ్ కలిసిన ఆ మెత్తటి వంటకు కాలిన మిరపకాయ పొగ పట్టి, మిర్చి పండించే మనిషి నాలుకకు ఎక్కడో సరిగ్గా తగిలింది. గిన్నె సగం ఖాళీ అయ్యేదాకా ఆయన తల ఎత్తలేదు. అత్తమ్మ కూడా అవ్వ చూడకుండా అంచున ఉన్న సకినాల పొడి గీరి నోట్లో వేసుకుంది. నేను చూశాను.

పెద్దమామ చెయ్యి కడుక్కుని, మూతి తుడుచుకుని, పళ్ళు సర్దుకున్నాడు.

"సరోజనా, గీ పిల్ల బళ్ళె ఏం చెప్తదన్నవ్?"

"సైన్స్, బావా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను భూమి చీలితే బాగుండుననుకున్నాను.

"అయితె పంపియ్యి" అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. అత్తమ్మ కూడా నమ్మలేదు. "గింత చేసినంక గూడనా? వంట మంచిగున్నదనా బావా?"

"వంటదేమున్నదే! మానుకోటల పెద్ద దవాఖాన ఉన్నది, ఫైరింజన్ ఉన్నది. నెల్లికుదుర్ల మనకు ఏమున్నది? గీ పిల్ల ఈడ్నే ఉండి రోజు గిట్ల వండితె మనకు దిక్కెవలు?" అని లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇగో నరేష్, ఆడికి పోయినంక వంట నువ్వు చెయ్యాలె. ఉప్పు జాడ చెప్పిన మొగోనివి నువ్వే గద."

అలా నేను మానుకోటకు వచ్చాను. ఉద్యోగం నాది, వంట నరేష్‌ది. పోపు అతనికి నాకంటే బాగా వచ్చింది, అది వేరే సంగతి. సామాను ఆటోలో సర్దినరోజు అవ్వ మా ఇద్దరినీ గడప ముందు నిలబెట్టి, పిడికెడు ఉప్పు, మిరపకాయలు తలల చుట్టూ తిప్పింది. తిప్పాక అటూ ఇటూ చూసింది. పొయ్యి లేదు, మళ్ళీ డబ్బాలో దాచే ధైర్యం లేదు. కాసేపు ఆలోచించి, ఆ ఉప్పును కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. "ఆడికి పోయినంక ఏడ్నన్న కాల్చుకో. నీకు అలవాటే గద" అంది. ఆమె కళ్ళలో నవ్వుందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ పొట్లం చేతిలో పట్టుకుని, ఆటోలో కూర్చుని, నేను అగ్గిసాక్షిగా కాదు గానీ పొగసాక్షిగా ఒట్టు వేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరింటికి పోయినా, ఎంత ఆకలి మీద ఉన్నా, కూరలో ఉప్పు తక్కువైందని ఎవరైనా డబ్బా నా ముందు పెట్టినా, ముందు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఒక్క మాట అడగకుండా ఆ ఉప్పు ముట్టను: "అక్కా, గీ ఉప్పు ఎవలెవల నెత్తి సుట్టు తిరిగొచ్చింది?"